ఏడవ నెల మొదలు మూడవ యేటి దాక

పసిబిడ్డల పెంపకపు ఖర్చులో ప్రభుత్వము మోయు వంతు ఎంత? నెల్లూరు తీరమునుండి ఒక పరిశీలన

ఉత్తరమున జువ్వలదిన్నె మొదలుకొని ఇసకపల్లి, రామతీర్థము, మైపాడు, కోడూరు మీదుగా దక్షిణమున కృష్ణపట్నము వరకును సాగిన నెల్లూరు ఇసుకనేలపై, సముద్రపుటొడ్డుననే, జాలరులగు పట్టపువారి పాలెములు ఒకదాని వెంట నొకటి వెలసి యున్నవి. అచ్చట పనివేళలను నిర్ణయించునవి పడవలు. వేకువజామున పడవ ఒడ్డు చేరును; చేరిన చేపకు ఆ ఇసుకలోనే పాట జరుగును; పాటలో కొన్న చేపను గంపల కెత్తుకొని, ఆటోలలో సర్దుకొని కూర్చుండి, ఎండ ముదిరి సరకు మెత్తబడక మునుపే నెల్లూరికో, కావలికో, అల్లూరికో, లేదా వరిపొలముల నడుమనున్న పల్లెలకో ఆడువారు చేరవలెను. అంగన్వాడీ కేంద్రము తలుపు తెరచునది ఉదయము తొమ్మిది గంటలకు. ఆ వేళకు చేపలమ్ము తల్లి సగము గంప ఖాళీ చేసి యుండును. ఆ నడిమి గంటలలో చంటిబిడ్డ యెవరి చంక నుండవలెను?

చేపలమ్ము తల్లికే గాక ఈ తీరమున కూలిచేసి బ్రతుకు ప్రతి తల్లికిని ఈ ప్రశ్న కలదు. రొయ్యల చెరువులు వచ్చిన తరువాత తలలు తీయుటకును పొట్టు ఒలుచుటకును షెడ్లకు పోవు స్త్రీలు కలరు. పెన్నా డెల్టాలో నాట్లకును కలుపునకును పోవువారు కలరు. చెరువుగట్ల మీదనే గుడిసె వేసికొని కాపలా కాయు యానాది కుటుంబములు కలవు. వీరిలో పెక్కుమందికి జీతమన్న మాట లేదు, కూలి కలదు. సెలవన్న మాట లేదు, పని మానుట కలదు. పని మానిన దినమున కూలి పోవును. బిడ్డను చూచుకొనుటకు ఒక తల్లి యింట నుండిన యెడల ఆ యింటికి కలుగు నష్టమే ఆ బిడ్డ పెంపకపు ఖర్చు. దానికి రసీదు ఉండదు గనుక అది ఏ లెక్కలోనికిని రాదు.

మన ప్రభుత్వములు తల్లిదండ్రులకు చేయు ధనసహాయమును వరుసగా పరిశీలించినచో, అది బిడ్డ జీవితములో రెండు చోట్ల కుప్పవడి యున్నట్లు కనబడును. మొదటిది ప్రసవము చుట్టును, రెండవది బడి చుట్టును.

ప్రసవము చుట్టునున్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. 2017 జనవరి 1 నుండి అమలులోనున్న ఈ పథకము క్రింద తొలికాన్పునకు 5,000 రూపాయలు ఇత్తురు. ఇప్పటి పద్ధతిలో గర్భము నమోదై, ఒక పరీక్షయైనను జరిగిన పిదప 3,000. బిడ్డ పుట్టుక నమోదై, మొదటి విడత టీకాలు పూర్తియైన పిదప 2,000. రెండవ కాన్పున ఆడుబిడ్డ పుట్టినచో 6,000 ఒకేసారి ఇచ్చు ఏర్పాటు 2022 ఏప్రిల్ నుండి కలదు. ఆసుపత్రిలో కాన్పైన పేదరాండ్రకు జననీ సురక్ష యోజన క్రింద మన రాష్ట్రమున పల్లెలలో 700 రూపాయలు లభించును. ఇవియన్నియు నేరుగ తల్లి బ్యాంకు ఖాతాలో పడును గనుక నడుమ చేయి చాచువాడు లేడనుట పథకమునకు గల మంచి గుణము. ఐనను మొత్తము చూడుడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము నాలుగవ సెక్షనులో గర్భిణికి ఆరు వేల రూపాయలకు తక్కువ కాని సహాయము హక్కుగా వ్రాయబడినది. పండ్రెండేండ్లు గడచినను తొలికాన్పు తల్లికి ఈ యోజన నుండి వచ్చునది అయిదు వేలే. 2025లో మన రాష్ట్రమున ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. ఆ లెక్కన అయిదు వేలనగా పదునారు దినముల కూలి. తొమ్మిది నెలలు మోసి కని, ఆరు నెలలు చనుబాలే పట్టుమని వైద్యులు చెప్పుచుండ, పదునారు దినముల కూలితో ఆ తల్లిని ఇంట కూర్చుండుమనుట న్యాయమా యని అడుగుటకు గొప్ప అర్థశాస్త్ర పాండిత్యము అక్కరలేదు.

పులికాటు దాటి కొంచెము దక్షిణమునకు పోయినచో తమిళనాడు వచ్చును. అచ్చట డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పేర నడచు ప్రసూతి పథకములో నగదును పోషకాహారపు పెట్టెలును కలిపి 18,000 రూపాయల విలువగల సహాయము చేయుదురు. అదే సముద్రము, అదే వల, అదే గంప. సరిహద్దు గీతకు అటునున్న గర్భిణికి ఇటునున్న గర్భిణికంటె మూడు రెట్ల పైబడిన సహాయము.

రెండవ కుప్ప బడి చుట్టును గలది. 2020 జనవరిలో ఆరంభమైన అమ్మఒడి పథకమున ఒక తల్లికి ఒక బిడ్డ లెక్కన సంవత్సరమునకు 15,000 రూపాయలు నిర్ణయించిరి. ప్రభుత్వము మారిన తరువాత 2025 జూనులో వచ్చిన తల్లికి వందనము పథకము బడికి పోవు ప్రతి బిడ్డకును ఆ మొత్తమును వర్తింపజేసెను. అందులో 2,000 పాఠశాలల నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేయుదురు. ఒకటవ తరగతి మొదలు ఇంటర్మీడియటు వరకు 67 లక్షల పైచిలుకు విద్యార్థులకు వర్తించిన ఈ పథకము దేశములోనే పెద్దవానిలో నొకటి. దీనిని రాజకీయ వాగ్వాదములకు వదలి, మన విషయమునకు సంబంధించినంతవరకే చెప్పుకొందము: ఈ సహాయము బిడ్డకు అయిదేండ్లు నిండిన తరువాత మొదలగును. అప్పటికి ఆ బిడ్డ తన కాళ్లపై బడికి నడచిపోవును, ఆకలైనచో నోరు విప్పి చెప్పును, మధ్యాహ్నము బడిలోనే తినును. పూర్తిగ ఒక పెద్దమనిషి చేతిలోనే యుండవలసిన వయసున ఆ తల్లికి పైసా లేదు.

మత్స్యకారులకు వేట నిషేధ కాలమున, అనగా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, ఇచ్చు భృతి 2025లో 10,000 నుండి 20,000 రూపాయలకు పెరిగినది. అది సంతోషించదగిన విషయమే. కాని ఒక చిత్రము కలదు: ఆ రెండు నెలలును తండ్రి వేటకు పోక యింటనే యుండును, కనుక బిడ్డను ఎత్తుకొనుటకు ఒక మనిషి మిగులును. మిగిలిన పది నెలలు తండ్రి సముద్రము మీదను, తల్లి గంపతో రోడ్డు మీదను!

చట్టములో కట్టిన ఉయ్యాల

పనిచేయు తల్లి బిడ్డకు నీడ చూపవలెనను తలంపు మన చట్టములకు కొత్త కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 48వ సెక్షనులో, ఆరేండ్లలోపు పిల్లల కొరకు వెలుతురు, గాలి గల గది యొకటి ఉండవలెననియు, శిక్షణ పొందిన స్త్రీ దానిని చూచుకొనవలెననియు, పిల్లలకు ఉచితముగ పాలో ఫలహారమో ఇచ్చునట్లును, తల్లులు నడుమ నడుమ వచ్చి పాలిచ్చునట్లును రాష్ట్రములు నియమములు చేయవచ్చుననియు వ్రాయబడినది. మొదట ఏబదిమందికి మించి స్త్రీలున్న ఫ్యాక్టరీలకు పెట్టిన ఈ షరతును 1976లో ముప్పదికి దించిరి. మన జిల్లాకు సంబంధించిన పాత కథ ఇంకొకటి కలదు. గూడూరు, సైదాపురము ప్రాంతముల అభ్రకపు గనులలో స్త్రీలు పెక్కుమంది రేకులు చీల్చు పనిచేసిన దినములలో, 1946 చట్టము ప్రకారము ఎగుమతి యగు అభ్రకముపై సుంకము విధించి, ఆ సొమ్ముతో కార్మికుల వైద్యము, విద్య, ఆహారము చూచుటకు సంక్షేమనిధి నేర్పరచిరి. 1966లో గనులకు శిశుపాలనాలయ నియమములు ప్రత్యేకముగ వచ్చెను. సరకు ఓడ యెక్కి విదేశములకు పోవునపుడు దానిపై కొంత వసూలుచేసి కూలితల్లి బిడ్డకు ఖర్చుపెట్టవలెనను ఆలోచన ఎనుబదియేండ్ల క్రిందటిదే యన్నమాట. నేడు ఈ తీరమునుండి ఓడయెక్కుచున్నది రొయ్య. అభ్రకమునకు తగిన న్యాయము రొయ్యకు ఏల తగదో ఎవరైన చెప్పవలసి యున్నది.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టమునకు చేసిన సవరణ, జీతముతో కూడిన సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారములనుండి 26 వారములకు పెంచెను. ఏబదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థయు శిశుపాలనాలయము ఏర్పరచవలెననియు, తల్లి దినమునకు నాలుగు సారులు పోయి బిడ్డను చూచివచ్చు వీలు కల్పించవలెననియు ఆదేశించెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక సంహితలు ఈ సంఖ్యను స్త్రీ పురుష భేదము లేక లెక్కించుచున్నవి. ఇది నా దృష్టిలో పాత ఫ్యాక్టరీల నియమముకంటె మేలు. ఏలయనగా స్త్రీలను మాత్రమే లెక్కించినపుడు ముప్పదియొకటవ స్త్రీని పనిలో పెట్టుకొనకుండుటయే యజమానికి లాభముగ నుండెడిది. ఐనను మేస్త్రీ క్రింద పదిమంది, మరియొక మేస్త్రీ క్రింద పదునైదుమంది లెక్కన కూలికి వచ్చు చోట ఏబదియను సంఖ్య ఎన్నటికిని నిండదు. రొయ్యల షెడ్డులో నిలువుకాళ్లపై పనిచేయు స్త్రీ ఈఎస్ఐలో చేరియున్నచో, ఆమె జీతము నెలకు 21,000 లోపుగా నుండి చందా దినములు చాలినచో, ఆమెకును 26 వారముల పూర్తి జీతము రావలసినదే. షెడ్డులో పనిచేయు చెల్లెండ్రు తమ పేరు ఆ రిజిస్టరులో కలదో లేదో ముందుగ కనుగొనుట మంచిది. కాన్పు దగ్గరపడిన తరువాత వెదకిన ప్రయోజనము లేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టము రెండవ షెడ్యూలులో ఒక చక్కని నియమము వ్రాసిరి. పనిస్థలమునకు తల్లుల వెంట పసిపిల్లలు అయిదుగురో అంతకు మించియో వచ్చినచో, ఆ స్త్రీలలోనే యొకరిని పిల్లలను చూచుటకు నియమించి, ఆమెకును అందరితో సమానముగ కూలి చెల్లింపవలెను. బిడ్డను చూచుటయు పనియేయని, దానికి మట్టి త్రవ్వినంత కూలి యుండవలెనని ఒప్పుకొన్న చట్టవాక్యము మన దేశమున ఇంతకంటె స్పష్టముగ మరియొకటి నేనెరుగను.

ఉన్నవారికి ఉన్నది

ఇక నెలజీతగాండ్ర సంగతి చూతము. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి ఉద్యోగకాలములో 730 దినముల పిల్లల సంరక్షణ సెలవు కలదు. మొదటి 365 దినములకు పూర్తి జీతము, తరువాతి వానికి నూటికి ఎనుబది. పిల్లల చదువుకు నెలకు 2,250 రూపాయలుగ నున్న భత్యము, కరువుభత్యము పెరుగుటతో 2024 నుండి 2,812 రూపాయల ఏబది పైసలైనది. మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగినులకు ఈ సెలవు 2022 నుండి 180 దినములు. నెల్లూరు పట్టణములో బిడ్డను ప్లేస్కూలుకు పంపు ఆదాయపు పన్ను చెల్లింపుదారునకు, పాతపద్ధతిని ఎంచుకొన్నచో, ట్యూషను ఫీజును 80సీ క్రింద చూపుకొను వీలు ఇద్దరు పిల్లల వరకు చిరకాలము నడచినది. నర్సరీయు ప్లేస్కూలును అందులో చేరునని పన్నుల శాఖయే వివరించెను. వీనిలో దేనిని నేను దూషింపను. ఉద్యోగినికి ఆ సెలవు న్యాయమే. కాని పట్టికను తలక్రిందులు చేసి చూచినచో, ఆదాయము హెచ్చినకొలది బిడ్డ సంరక్షణకు ప్రభుత్వపు చేయూత హెచ్చుచున్నది. చేపలగంప దగ్గరకు వచ్చునప్పటికి అది పదునారు దినముల కూలిగ మిగిలినది.

మరి ఇంతకాలము ఈ ఖర్చును ఎవరు భరించిరి? అవ్వ భరించెను. ఏ బడ్జెటు పద్దులోను లేని ఆ శాఖ యొక్కటే మన దేశమున ఇరువదినాలుగు గంటలు తెరచి యుండును. మైపాడు పాలెములో కాళ్లనొప్పులతో గడపలో కూర్చుండి మనుమని ఆడించు అవ్వకును, న్యూజెర్సీలోనో డాలసులోనో కూతురు కాన్పునకు ఆరు నెలల అనుమతిపై విమానమెక్కిన నెల్లూరు అమ్మమ్మకును చేయు పనిలో భేదము లేదు. అమెరికాలో ఒక బిడ్డకు 3,000, ఇద్దరికి 6,000 డాలర్ల వరకు సంరక్షణ వ్యయమును లెక్కలోనికి తీసికొని, అందు కొంత శాతమును పన్నులో తగ్గింతురు. ఇంగ్లండులో 2025 సెప్టెంబరు నుండి తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు, తల్లిదండ్రులు పనిచేయువారైనచో, బడికాలములో వారమునకు 30 గంటల సంరక్షణ ప్రభుత్వ వ్యయముపై లభించుచున్నది. వీసాలపై పోయిన మనవారికి ప్రభుత్వ నిధులపై హక్కు లేనందున ఆ ముప్పది గంటలు సామాన్యముగ అందవు. కనుక అచ్చటను అమ్మమ్మయే దిక్కు. ఇచ్చట పాలెములో అవ్వ లేని యింట, ఆరేడేండ్ల అక్క బడి మాని తమ్ముని ఎత్తుకొనును. తల్లికి వందనము రావలెనన్నచో ఆ పిల్లకు నూటికి డెబ్బదియైదు హాజరుండవలెను. ఒక పథకము లేకపోవుట మరియొక పథకమును ఎట్లు చెరచునో దీనికంటె చక్కని ఉదాహరణ మేల?

ఉన్న దారులు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన నాటినుండి బాలవాడీలకు గ్రాంట్లిచ్చు ఆచారము నడచినది. 1975లో, అంగన్వాడీలు పుట్టిన ఏడే, పనిచేయు తల్లుల, జబ్బుపడిన తల్లుల పిల్లలకొరకు శిశుపాలనాలయముల పథకము వచ్చెను. అది 2006లో రాజీవ్ గాంధీ పేరను, 2017లో జాతీయ క్రెష్ పథకముగను, 2022 నుండి మిషన్ శక్తిలో భాగముగ ‘పాల్నా’ యనియు రూపులు మార్చుకొనినది. ఆరు నెలలు నిండిన బిడ్డ మొదలు ఆరేండ్ల వరకు చేర్చుకొను పథకము ఇది యొక్కటే. అంగన్వాడీలోనే శిశుపాలనాలయమును కలుపుట ఇప్పటి విధానము. దేశమంతటికి 17,000 ఇట్టి కేంద్రములు లక్ష్యము. మన రాష్ట్రములోనే 55 వేలకు పైగ అంగన్వాడీలున్నవని తలచినపుడు ఆ లక్ష్యమెంత చిన్నదో తెలియును. మూడేండ్లు నిండినవారికి అంగన్వాడీలో అన్నము, గ్రుడ్డు, పాలు, ఆటపాట కలవు. మూడేండ్లలోపువారికి బాలామృతము పొట్లము ఇంటికి పంపుదురు. పొట్లము కలదు, తినిపించు తల్లి పనికి పోయినది. కేంద్రము వేళలు పెంచుడని అడుగుట సులభమే. ఆ వేళలలో పనిచేయువారి సంగతి 2023 డిసెంబరులో మొదలై 42 దినములు సాగిన అంగన్వాడీ సమ్మెలో మనము చూచితిమి. 11,500 రూపాయల గౌరవవేతనముపై టీచరమ్మను తెల్లవారుజామున అయిదింటికి తలుపు తీయుమనుట, ఒక తల్లి భారమును మరియొక తల్లి వీపు మీదికి మార్చుటయే యగును. వేరుగ ఒక ఆయాను వేరుగ జీతమిచ్చి నియమింపవలెను.

ఇది అసాధ్యమని ఈ జిల్లావారికి ఎవరును చెప్పనక్కరలేదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణములను మూయించిరి. ఆ ఉత్సాహమునుండియే దినమున కొక రూపాయి కూడబెట్టు ‘పొదుపు లక్ష్మి’ ఉద్యమము నెల్లూరు పల్లెలలో పుట్టి, తరువాత రాష్ట్రమంతటను పొదుపు సంఘములకు త్రోవ చూపెను. 2007 ప్రాంతమున ఆ సంఘముల గ్రామసమాఖ్యలే పోషకాహార, డే కేర్ కేంద్రములను నడపిన అనుభవము గూడ మన రాష్ట్రమునకు కలదు. లెక్కలు వ్రాసికొనుటయు, సరకులు కొనుటయు, తమలో నొకరికి జీతమిచ్చుటయు వారికి తెలిసిన పనులే. పడవల వేళకు తగిన వేళలు నిర్ణయింపగలవారు వారే. జిల్లా కార్యాలయములో కూర్చున్నవారికి పాట ఎప్పుడు జరుగునో తెలియదు. పాల్నా నిధిని పాలెములలో సమాఖ్యల చేతికిచ్చి, వేకువ అయిదు గంటలనుండి పదకొండు వరకు నడచు కేంద్రములను పది చోట్ల పెట్టి చూడవచ్చును. తల్లి చేతికి మరి రెండు వేలు ఇచ్చుటకంటె ఇదియే మేలని నా అభిప్రాయము. డబ్బు అప్పులవానికో దుకాణమునకో పోవును, మనిషి మాత్రము బిడ్డ దగ్గర నుండును.

అంతవరకు ఉన్న హక్కులను పోగొట్టుకొనరాదు. తొలిచూలు గర్భిణులు అంగన్వాడీలో పేరు వ్రాయించుకొని, తల్లీబిడ్డల రక్షణ కార్డును, ఆధారుతో జతయైన బ్యాంకు ఖాతాను సిద్ధపరచుకొనవలెను. ఆధారు, జనన ధ్రువపత్రములు లేని యానాది కుటుంబములు ఇంకను కలవు. ఇరుగుపొరుగున చదువుకొన్నవారు వారిని సచివాలయము వరకు తోడ్కొనిపోవుట పెద్ద సాయము. మీ పాలెములోనో యానాది కాలనీలోనో కేంద్రము లేనిచో ఆరేండ్లలోపు పిల్లలను ఇంటింటికి తిరిగి లెక్కింపుడు. నలుబదిమంది తేలినచో అర్జీ వ్రాసి శిశుసంక్షేమాధికారికి ఇండు. నలుబదిమంది పిల్లలున్న ఆవాసము కోరినచో మూడు నెలలలోపల అంగన్వాడీ ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13ననే ఆజ్ఞాపించి యున్నది.